చర్చ: ఎలుకకు తెప్పించిన కంపవాతం మా తాతదేనా?

హన్మకొండ ఫార్మసీ విద్యార్థిని:
మా ప్రయోగశాలలో ఎలుక మెదడులో ఒక పక్కన 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషం ఎక్కిస్తారు. కదలికకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలను అది చంపుతుంది. కొన్ని వారాలకు డోపమైన్‌లా పనిచేసే అపోమార్ఫిన్ ఇచ్చి గుండ్రటి గిన్నెలో వదిలితే తన చుట్టూ తానే తిరుగుతుంది. చుట్టుకో గీత పెట్టడం నా పని. నిమిషానికి 7 దాటితే గాయం సరిగా పడ్డట్టు లెక్క. పరకాలలో మా తాతకూ పార్కిన్సన్సే, అంటే కంపవాతమే. ఆయన చుట్లు తిరగడు. చొక్కా గుండీ దగ్గర వేలు ఆగిపోతుంది, నేను పెడతానంటే కోపం. వణుకుకు ఏళ్ల ముందే వాసన తెలియడం మానేసింది. నా గీతల్లో అదెక్కడుంది? ఈ ప్రయోగాలు ఆపేయకూడదా?

విశ్రాంత అధ్యాపకుడు, కాజీపేట:
ఆపమనడం తేలికే అమ్మా. తాతగారి మాత్రలో మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా ఉండే ఉంటుంది. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త, మెదడులో డోపమైన్‌ను తగ్గించే రిసర్పిన్ అనే మందుతో కదలకుండా పడిపోయిన కుందేళ్లను దానితోనే లేపాడు. మెదడులో తీగ అమర్చే చికిత్సకూ కోతులే దారి చూపాయి. 1990లో మెదడు లోపల కదలికను అదుపుచేసే సబ్‌థాలమిక్ కేంద్రకం అనే చిన్న భాగాన్ని దెబ్బతీస్తే బిగుసుకుపోయిన కోతులు మళ్లీ కదిలాయి.

నర్సంపేట పత్తిరైతు కొడుకు:
సార్, ఆ కోతులకంటే ముందు మనుషులున్నారు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కుర్రవాళ్లు కొయ్యబారిపోయారు. అందులోని ఎంపీటీపీ అనే విషాన్ని ఆ తరువాతే కోతులకిచ్చారు. ప్రయోగశాల పెద్ద ఎలుకలకైతే (ర్యాట్) అది పెద్దగా పనిచేయదు! సీఈపీ-1347 అనే మందు జంతువుల నాడీకణాలను ఆ విషం నుంచి కాపాడింది. రోగుల దగ్గరకు వచ్చేసరికి ఫలితం లేక 2005లో పరీక్షే ఆపేశారు. నాలుగు రోజుల్లో విషంతో చంపిన కణం, ఏళ్ల తరబడి కృశించే కణం ఒకటెలా అవుతాయి? ఎంపీటీపీ మెదడులో మారే పదార్థానికి మన చేలల్లో చల్లుతూ వచ్చిన గడ్డిమందు పారాక్వాట్ నిర్మాణంలో దగ్గరి చుట్టం. వీపున పంపు వేసుకుని చల్లిన మావాళ్లను ఇరవై ఏళ్లు గమనించండి, ఎలుకలను కాదు.

విశ్రాంత అధ్యాపకుడు, కాజీపేట:
గమనించాల్సిందే. కానీ మీవాళ్లలో జబ్బు ఎక్కువని తేలినా, అది గడ్డిమందు వల్లా, బావినీటి వల్లా, మరో పురుగుమందు వల్లా అన్నది ఎలా విడదీస్తావు బాబూ? మనిషికి ఎక్కించి చూడలేం కదా.

హన్మకొండ ఫార్మసీ విద్యార్థిని:
అయితే ఎలుక ఉండనివ్వండి సార్, దాని పేరుతో మనం రాసే మాట మారాలి. నా నివేదికలో ‘వ్యాధి నిలిచింది’ అన్న వాక్యం కొట్టేసి ‘తిరుగుడు తగ్గింది’ అని రాశాను. మా గైడ్ ఒప్పుకుంటారో లేదో సోమవారం తెలుస్తుంది.