పర్లాకిమిడిలో మేడ మీది యాంటెన్నాతో తెలుగు దూరదర్శన్ మళ్లీ వస్తుందా?

మహేంద్రతనయ (ప్రశ్న):

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరు దాటి కాస్త ముందుకు వెళితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. మా అత్తగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. ఒడియా బాగానే మాట్లాడతారు, కానీ సాయంత్రం వార్తలూ పాత పాటల కార్యక్రమమూ తెలుగులోనే కావాలంటారు. కేబుల్ వాళ్లు ప్యాకేజీ మార్చిన ప్రతిసారీ ఆవిడ చూసే ఛానెలే మాయమవుతుంది. అడిగితే ‘ఇక్కడ తెలుగు ఎవరు చూస్తారమ్మా’ అని మమ్మల్నే అడుగుతున్నారు. ఊళ్లో సగం మంది చూస్తారు!

మేడ మీద మామగారు ఎప్పుడో బిగించిన యాంటెన్నా ఇంకా ఉంది. జీఐ పైపు గట్టిగానే ఉంది, పుల్లలు ఒకటి రెండు వంగాయి. అది విశాఖ వైపే తిరిగి ఉంటుంది. కొత్త టీవీ మెనూలో డీవీబీ-టీ2 (యాంటెన్నాతో పట్టే డిజిటల్ ప్రసార పద్ధతి) అని కనిపిస్తే ఈ యాంటెన్నా తీగ తగిలించి వెతికించాను. ఛానెళ్లు సున్నా. ఆన్‌లైన్‌లో ‘డిజిటల్ యాంటెన్నా, 200 కిలోమీటర్ల పరిధి, నెలవారీ చందా లేదు’ అని ఒకటి అమ్ముతున్నారు. కొంటే విశాఖ వస్తుందా? తెలిసినవారు చెప్పండి.

బరంపురం వాసి:

కొనండి. కటక్‌లో మా చిన్నాన్నగారింట్లో చిన్న యాంటెన్నా పెడితే దూరదర్శన్ ఛానెళ్లు అద్దంలా వచ్చేవి. డబ్బు కట్టే పనే లేదు. మీ పాత యాంటెన్నా పుల్లలు వంగిపోయాయి కాబట్టే రావడం లేదు.

గుణుపురం మెకానిక్:

అమ్మా, ముందు ఆ యాంటెన్నా కొనకండి. బరంపురం వాసి గారు చెప్పినది కటక్‌కు నిజం, పర్లాకిమిడికి కాదు. నేను బ్లాక్ అండ్ వైట్ సెట్ల కాలం నుంచి గుణుపురంలో టీవీలు బాగు చేస్తున్నాను. ఈ ‘డిజిటల్ యాంటెన్నా’ పెట్టె చేత్తో పట్టుకుని మా దుకాణానికి వచ్చేవాళ్లను చూస్తే జాలి వేస్తుంది, అమ్మేవాళ్ల మీద ఒళ్లు మండుతుంది. యాంటెన్నాలో డిజిటల్ అనేదేమీ ఉండదు. అది అల్యూమినియం పుల్ల. గాలిలో వచ్చే తరంగాన్ని పడుతుంది, అంతే. ఆ తరంగంలో ఉన్నది పాత పద్ధతి బొమ్మా, కొత్త పద్ధతి బొమ్మా అని దానికి తెలియదు.

మీ మేడ మీదికి టేపు తీసుకుని వెళ్లి, మధ్యలో తీగ తగిలించిన మడత పుల్లను కొలవండి. ముప్పావు మీటరు దరిదాపుల్లో ఉంటే అది వీహెచ్‌ఎఫ్ మూడో బ్యాండు కోసం చేసినది, అంటే 174 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు. ఒక అడుగు పొడవే ఉంటే అంతకన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీల యూహెచ్‌ఎఫ్‌ది. మన దేశంలో దూరదర్శన్ డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టింది యూహెచ్‌ఎఫ్‌లో. మీది పెద్ద పుల్లలదే అయి ఉంటుంది, ఆ రోజుల్లో మన వైపు ఎక్కువగా బిగించినవి అవే. పుల్లలు వంగడం వల్ల కొంచెం బలం తగ్గుతుందే తప్ప ఛానెళ్లు సున్నా కావు.

అసలు చిక్కు వేరే ఉంది. పట్టేది బాగానే ఉంది, పంపేది లేదు. 1984 ప్రాంతంలో దేశమంతా పోటీ పడి పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్లు, తరువాత వచ్చిన పెద్దవి, అన్నీ పాత అనలాగ్ పద్ధతివి. వాటిని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి దశలవారీగా ఆపేసింది. 2022 మార్చి 31 నాటికి వ్యూహాత్మకమని ఉంచుకున్న యాభై చిల్లర తప్ప మిగిలినవన్నీ మూతపడ్డాయి. వాటి స్థానంలో ప్రతిచోటా డిజిటల్ రాలేదు. 2016 ఫిబ్రవరిలో డీవీబీ-టీ2 మొదలైన 16 నగరాల్లో ఒడిశా నుంచి కటక్ ఒక్కటే ఉంది. ఆ జాబితాలో విశాఖ లేదు, విజయవాడ లేదు, హైదరాబాద్ కూడా లేదు. తరువాత జాబితా కాస్త పెరిగినా మన వైపుకు రాలేదు.

ఇక దూరం లెక్క. పర్లాకిమిడి నుంచి విశాఖకు నేరుగా గీత గీస్తే 145 కిలోమీటర్లు ఉంటుంది, కటక్‌కు 260 పైనే. టీవీ తరంగం దాదాపు చూపు మేరకే వెళుతుంది. పంపే యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి, మీ యాంటెన్నా ఎత్తుకూ కట్టండి, రెండూ కూడి 4.12తో గుణించండి. కిలోమీటర్లు వస్తాయి. అటు కొండా టవరూ కలిపి 300 మీటర్లు, ఇటు మీ మేడ 10 మీటర్లు అనుకుంటే 84. అదీ నేల చదునుగా ఉంటే. మనకు మధ్యలో ఉన్న కొండల సంగతి నేను చెప్పాలా? కాబట్టి రేపు విశాఖలో డిజిటల్ ట్రాన్స్‌మిటర్ పెట్టినా మీకు అందడం అనుమానమే. 200 కిలోమీటర్లని పెట్టె మీద అచ్చు వేసినవాడు భూమి గుండ్రంగా ఉందన్న సంగతి మరిచిపోయాడు.

‘మరి మామగారి కాలంలో విశాఖ ఎలా వచ్చేది’ అంటారు. వేసవిలో సముద్రం మీద చల్లని తేమగాలి కిందా, వేడిగాలి పైనా పొరలుగా నిలిచినప్పుడు తరంగాలు ఆ పొర కింద వంగుతూ చాలా దూరం పోతాయి. కొన్ని సాయంత్రాలు బొమ్మ నిలబడేది, కొన్ని సాయంత్రాలు చుక్కల వానలో మాట మాత్రం వినిపించేది. అనలాగ్‌లో ఆ సగం బొమ్మతోనైనా సరిపెట్టుకునేవాళ్లం. డిజిటల్‌లో ఆ వెసులుబాటు లేదు. సిగ్నల్ ఒక గీత కన్నా పైన ఉంటే పూర్తి బొమ్మ, దిగిందంటే గళ్లు గళ్లుగా చెదిరి నల్లతెర.

మీకు కావలసినది డీడీ ఫ్రీ డిష్, అంటే ఉపగ్రహం నుంచి వచ్చే దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ. నెలకు పైసా కట్టనక్కర లేదు. డిష్, పెట్టె, తీగ కలిపి ఒక్కసారి కొనడమే. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి. పెట్టె మాత్రం ఎంపెగ్-4 (బొమ్మను కుదించి పంపే కొత్త పద్ధతి) ది అడిగి తీసుకోండి, పాత ఎంపెగ్-2 పెట్టెలో కొన్ని ఛానెళ్లు కనిపించవు.

బరంపురం వాసి:

కటక్ సంగతే నేను చెప్పింది, తెలుగు వస్తుందని అనలేదు లెండి. అక్కడ వచ్చేదీ డీడీ ఒడియానే. కానీ ఈ ట్రాన్స్‌మిటర్లు ఆపడం నాకు నచ్చలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ గజపతి జిల్లా ఎంత దెబ్బ తిన్నదో గుర్తుందా? అలాంటి గాలికి డిష్ నిలుస్తుందా?

గుణుపురం మెకానిక్:

నిలవదు. తీరం దాటకముందే, జోరు వానకే డిష్‌కు వచ్చే కేయూ బ్యాండు సిగ్నల్ పోతుంది. అయితే ఆ రాత్రి కరెంటు పోయాక ట్రాన్స్‌మిటర్ ఉన్నా టీవీ ఎవరు చూశారండీ? మా వీధిలో నడిచినది బ్యాటరీ రేడియో. మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖ ఆకాశవాణి గరగరమంటూనే తుపాను వార్త చెప్పింది. మీడియం వేవ్ నేల వెంట పాకుతూ కొండల వెనక్కీ వస్తుంది, టీవీకి ఆ గుణం లేదు. ట్రాన్స్‌మిటర్ల కోసం అర్జీ పెట్టేటట్టయితే రేడియోవి ఆపవద్దని పెట్టండి, నేనూ సంతకం చేస్తాను.

మహేంద్రతనయ:

చాలా సంతోషమండీ. మడత పుల్ల కొలిచాను, మీరు చెప్పినట్టే 72 సెంటీమీటర్లు. ఆన్‌లైన్ యాంటెన్నా ఆలోచన మానుకున్నాను. డిష్ బిగించేవాళ్లు మా వీధిలో ఎవరూ సరిగ్గా దొరకడం లేదు. పక్కింటివారి డిష్ ఎటు ఉందో చూసి మా అబ్బాయి అటే తిప్పుతానంటున్నాడు. ఆ పాత పైపుకే బిగించవచ్చా?

గుణుపురం మెకానిక్:

పైపు ఊగకుండా ఉంటే బిగించవచ్చు. ఊగితే మాత్రం గోడకు వేయండి. వేలెడంత కదిలినా సిగ్నల్ పోతుంది.

పక్కింటి డిష్ చూసి తిప్పవద్దు. ఒక్కో కంపెనీది ఒక్కో ఉపగ్రహం. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద ఉంటుంది. పర్లాకిమిడి నుంచి అది దక్షిణానికి తూర్పుగా 27 డిగ్రీల దిక్కులో ఉంది. అంటే ఫోనులోని దిక్సూచి 153 చూపాలి. ఫోనును ఇనుప పైపుకు దూరంగా పట్టుకుని చూడమనండి, దగ్గరకు తెస్తే ముల్లు అబద్ధం చెబుతుంది. ఎత్తు, అంటే నేల నుంచి పైకి చూసే కోణం, దాదాపు 65 డిగ్రీలు. ఇక్కడే కుర్రవాళ్లు తికమక పడతారు. మన చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, వాటి ముఖం తాము చూసే చోటుకన్నా ఇరవై అయిదు డిగ్రీల దాకా కిందికి ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ముఖం 40 డిగ్రీలు లేచినట్టుంటే అసలు చూపు 65 మీద ఉంటుంది. ముందు ఎత్తు బిగించి, తరువాత పక్కలకు గోరంత గోరంత తిప్పుతూ పెట్టెలోని సిగ్నల్ నాణ్యత గీత చూడమనండి. బలం గీత కాదు, నాణ్యత గీత. బలం గీత తీగ తగిలిస్తేనే లేస్తుంది, దానిని నమ్ముకోవద్దు.

డిష్ పెట్టేదాకా అత్తగారికి సాయంత్రం వార్తలు కావాలంటే, ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన ‘వేవ్స్’ యాప్‌లో దూరదర్శన్ ఛానెళ్లు ఉచితంగా ఉన్నాయి. ఇంటర్నెట్ ఖర్చు మాత్రం మీదే.

ప్రాణహిత ఒడ్డు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. నది అవతల కాళేశ్వరం. మాకూ ఇదే కథ, ఒడియాకు బదులు మరాఠీ. స్థానిక కేబుల్ మరాఠీ దూరదర్శన్ సహ్యాద్రి ఇస్తుంది, యాదగిరి ఇవ్వదు. ఈ ఫోన్లలోకి నేరుగా టీవీ వచ్చే ప్రయోగాలు జరుగుతున్నాయంటున్నారు కదా, దాని కోసం ఆగవచ్చా? ఆగకపోతే మాకు డిష్ దిక్కు ఎంత? ఇంటి ముందు పెద్ద చింతచెట్టు ఉంది.

గుణుపురం మెకానిక్:

ఆగవద్దు. ఐఐటీ కాన్పూర్, ప్రసార భారతి కలిసి ప్రయోగాలు చేసిన మాట నిజమే. కానీ దానికీ నేల మీద ట్రాన్స్‌మిటర్లే కావాలి. పెద్ద నగరాలు దాటి సిరోంచ దాకా రావాలంటే ఎన్నాళ్లో మీరే ఊహించుకోండి.

మీకు దిక్సూచి 143, ఎత్తు 63. పర్లాకిమిడికన్నా కొంచెం తూర్పుకు తిప్పాలి, అంతే. చింతచెట్టు ఆ దిక్కుకు పక్కగా ఉంటే పట్టించుకోకండి. ఎదురుగానే ఉంటే, డిష్ పెట్టే చోటుకన్నా చెట్టు తల ఎంత ఎత్తు ఉందో చూడండి. కొమ్మల అంచు నుంచి ఆ ఎత్తులో సగానికి మించి దూరంలో డిష్ పెడితే సరిపోతుంది, ఉపగ్రహం అంత పైన ఉంటుంది మరి. ఆకులు రాలిన రోజుల్లో బిగించి సంబరపడకండి, చిగురు వేశాక కొమ్మ ఎంత దూరం వస్తుందో కూడా చూసుకోండి.