కమర్షియల్ ఇంటీరియర్‌లో ఆడియో-వీడియో (ఏవీ) పరికరాలు కనబడకుండా అమర్చాలంటే డ్రాయింగ్ దశలో ఏమేమి తేల్చుకోవాలి?

ప్రశ్న (ఇంటీరియర్ డిజైనర్)

అందరికీ నమస్కారం. నేను ఆఫీసులకు, షోరూమ్‌లకు ఇంటీరియర్ డిజైన్ చేస్తుంటాను. ప్రస్తుతం చేతిలో ఉన్నది ఒక సంస్థ కార్యాలయం. అందులో రిసెప్షన్, 12 మంది కూర్చునే బోర్డు రూమ్, 80 మంది పట్టే సమావేశ మందిరం ఉన్నాయి. క్లయింటు పెట్టిన షరతు ఒక్కటే: టీవీ, స్పీకరు, మైకు, వైరు ఏదీ కంటికి కనబడకూడదు, కానీ కావలసినప్పుడు అన్నీ పనిచేయాలి. గోడలకు వెనీర్ (పలచని చెక్క పొర) ప్యానెళ్లు, పైన అతుకు కనబడని జిప్సం సీలింగ్, ఒక పక్కంతా గాజు గోడ అనుకుంటున్నాం.

ఇంతకు ముందు చేసిన ఒక పని వల్ల ఈసారి ముందుగానే అడుగుతున్నాను. అక్కడ రిసెప్షన్ బల్ల కింది క్యాబినెట్‌లో యాంప్లిఫయరు, మీడియా ప్లేయరు, నెట్‌వర్క్ స్విచ్ పెట్టి, ముందు చక్కగా తలుపు బిగించాం. రెండో నెల నుంచి మధ్యాహ్నం పూట సంగీతం దానంతటదే ఆగిపోయి, సాయంత్రానికి మళ్లీ వచ్చేది. వెళ్లి తలుపు తెరిస్తే లోపలి గాలి సెగలా ముఖానికి తగిలింది. కీలు మీద వేలు ఆనించలేకపోయాను. యాంప్లిఫయరు పైన ఉన్న అర అంచున వెనీరు జిగురు వదిలి, గోరు దూరేంత పైకి లేచి ఉంది. అంత శ్రద్ధగా చేయించిన పని అలా కావడం నన్ను చాలా బాధపెట్టింది.

ఈసారి డ్రాయింగులు ఇంకా ఖరారు కాలేదు. వేటిని పూర్తిగా దాచవచ్చో, వేటిని దాచకూడదో, ఏ కొలతలు ఇప్పుడే డ్రాయింగులోకి ఎక్కాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (ఏవీ ఇన్‌స్టలేషన్ ఇంజినీర్)

ఆ క్యాబినెట్‌లో జరిగినది పరికరం లోపం కాదు. ఇలాంటి పరికరాలు తీసుకునే కరెంటులో దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. కాబట్టి మూసి ఉన్న పెట్టెలో 400 వాట్ల పరికరాలు నడపడం అంటే అందులో 400 వాట్ల హీటరు వెలిగించి తలుపు వేయడమే. యాంప్లిఫయరు కాలిపోకుండా తనను తాను ఆపుకుని, చల్లారాక మళ్లీ మొదలైంది. వేడిగాలి పైకి పోతుంది కనుక కింద గాలి లోపలికి రావడానికి ఒక దారి, పైన బయటికి పోవడానికి ఒక దారి కావాలి. ఒక్క జాలీ పెట్టి సరిపెట్టుకుంటే గాలి కదలదు. ఈ రెండు దారులూ కనబడకుండా చేయవచ్చు. బల్ల అడుగున కాలి వేళ్ల కోసం లోపలికి జరిపే భాగంలో ఒక పొడవాటి సందు, వెనక పై అంచున గోడకు, బల్లకు మధ్య మరో సందు వదిలితే ఎదురుగా నిలబడినవారికి ఏదీ తెలియదు. వేడి ఎక్కువైతే నిశ్శబ్దంగా తిరిగే చిన్న ఫ్యాను, ఉష్ణోగ్రతను బట్టి దాన్ని నడిపే స్విచ్ జత చేయాలి.

అయితే రిసెప్షన్ బల్లలో అసలు ఏమీ పెట్టకపోవడమే మంచిదని నా ఉద్దేశం. స్టోర్ రూమ్ పక్కన చిన్న గదిలో పరికరాలు వరుసగా బిగించే 19 అంగుళాల ర్యాక్ ఒకటి పెట్టి, దానికి ఏసీ ఇచ్చి, గదుల్లో తెర, స్పీకరు, మైకు మాత్రమే ఉంచండి. ర్యాక్ దూరమైతే సిగ్నల్ సంగతి ఏమిటన్న ప్రశ్న వస్తుంది. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబులు 4కే చిత్రాన్ని కొన్ని మీటర్లు దాటి నమ్మకంగా మోయలేదు. నెట్‌వర్క్ కేబులు మీద వీడియో పంపే హెచ్‌డీబేస్‌టీ గానీ, ఏవీ ఓవర్ ఐపీ గానీ వాడితే సరైన కేబుల్‌తో 100 మీటర్ల దాకా వెళ్లవచ్చు. మైకులు, కెమెరాలు, టచ్ ప్యానెళ్ల వంటి వాటిలో చాలావాటికి అదే కేబులు మీద కరెంటు కూడా అందుతుంది కాబట్టి ప్రతి చోటా ప్లగ్ పాయింటు దాచే బాధ తగ్గుతుంది.

పైపుల విషయంలో తరచుగా పొరపాటు జరుగుతుంది. ఎలక్ట్రీషియన్లు అలవాటు ప్రకారం 20 మిల్లీమీటర్ల పైపు వేస్తారు. తీరా చూస్తే హెచ్‌డీఎంఐ కనెక్టరు, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఆ వంపుల్లోంచి దూరవు. తెర వెనక నుంచి 50 మిల్లీమీటర్ల పైపు వేయించి, వంపులు గుండ్రంగా ఉండేలా చూసి, లోపల లాగుడు తాడు వదిలిపెట్టండి. 5 ఏళ్ల తర్వాత కేబులు మారుతుంది, గోడ మారదు. కరెంటు తీగలను, సిగ్నల్ తీగలను ఒకే పైపులో వేయనివ్వకండి. అవి ఒకదాన్నొకటి దాటవలసి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటాలి.

ఇక తెర సంగతి. అద్దం వెనక టీవీ పెట్టే పద్ధతి ఆఫ్‌లో ఉన్నప్పుడు అందంగానే ఉంటుంది గానీ, ఆ అద్దం తెర కాంతిలో చాలా భాగాన్ని ఆపేసి, గదిలోని దీపాలను చూసేవారి వైపు తిప్పికొడుతుంది. మీ గాజు గోడ గదిలో పగటిపూట ప్రెజెంటేషన్ చదవడం కష్టం. బల్లలోంచి పైకి లేచే మోటారు తెరలు బాగా ఆకట్టుకుంటాయి. కానీ కదిలే భాగం ఏదైనా ఒక రోజు మొరాయిస్తుంది. చేతులు నలగకుండా ఆగే ఏర్పాటు, లేచేటప్పుడు కేబులు తెగిపోకుండా తగినంత వదులు, మోటారు ఆగిపోతే చేత్తో లేపే మార్గం మూడూ ఉంటేనే ఒప్పుకోండి. నన్నడిగితే తెరను దాచడం కంటే గోడలో కలిపేయడం మేలు. ఆ ఒక్క గోడ ప్యానెళ్లు ముదురు రంగులో తీసుకుని, తెర ముఖం ప్యానెల్ ముఖంతో సమంగా వచ్చేలా లోతు వదిలి, చుట్టూ 15 మిల్లీమీటర్ల నీడ సందు ఉంచితే ఆఫ్‌లో ఉన్న తెర మరో ప్యానెల్‌లా కనిపిస్తుంది. ఆ సందులోంచే గాలి కూడా ఆడుతుంది. ఇళ్లకు అమ్మే టీవీ మాత్రం వద్దు. రోజుకు 16 లేదా 24 గంటలు నడవడానికి చేసిన కమర్షియల్ డిస్‌ప్లేలు వేరే ఉన్నాయి.

సమాధానం 2 (ధ్వని శాస్త్ర సలహాదారు)

పై సమాధానంలో రాని శబ్దం విషయం చెబుతాను. పరికరాన్ని కంటికి కనబడకుండా చేసే ప్రతి పొరా చెవికి కూడా ఎంతో కొంత అడ్డుపడుతుంది. స్పీకరు ముందు గుడ్డ బిగించాలనుకుంటే ఆ గుడ్డ ముక్కను నోటికి ఆనించి ఊదండి. ఊపిరి తేలికగా అవతలికి పోతే శబ్దమూ పోతుంది. మీరు బలంగా ఊదవలసి వచ్చిందంటే ‘స, శ, త’ వంటి అక్షరాల్లోని పదును అక్కడే ఆగిపోతుంది, మాట మూటకట్టినట్టు వినిపిస్తుంది. సోఫా గుడ్డల్లో చాలావాటికి వెనక పూత ఉంటుంది కాబట్టి అవి ఈ పరీక్షలో నిలబడవు. రంధ్రాలున్న చెక్క లేదా లోహపు పలక అయితే తెరిచి ఉన్న భాగం ఎక్కువగా ఉండాలి, పలక పలచగా ఉండాలి. పైకి వెనీరు అతికించి రంధ్రాలు మూసేస్తే ఇక అది గోడే.

అతుకు లేని సీలింగు కావాలంటున్నారు కనుక పుట్టీ కింద పూర్తిగా కప్పేసే స్పీకర్లు మీకు నచ్చుతాయి. వాటిలో కోన్, అంటే మామూలు స్పీకరులో కంపించే శంకువు, బయటికి కనబడదు. ముందున్న పలక మొత్తం కంపించి శబ్దం ఇస్తుంది. దాని మీద పూత తయారీదారు చెప్పిన మందానికి, అంటే సాధారణంగా సుమారు 2 మిల్లీమీటర్ల లోపుకు, మించకూడదు. మించితే పలక బిగుసుకుపోయి శబ్దం మందగిస్తుంది. పుట్టీ వేసేవారికి కావలసింది సమంగా ఉన్న సీలింగు. పలక దగ్గర కాస్త పల్లం కనిపిస్తే అలవాటు కొద్దీ మరో పూత వేసేస్తారు. ఆ రోజు తెలిసినవారు ఒకరు పక్కన నిలబడి తీరాలి. పూతకు ముందు ప్రతి స్పీకరునూ మోగించి చూడాలి. ఇవి లోతైన శబ్దాన్ని పెద్దగా ఇవ్వలేవు కాబట్టి సబ్‌వూఫరును వేరే చోట పెట్టి, ఒక సందులోంచి శబ్దం బయటికి వచ్చేలా చేస్తారు.

మామూలు సీలింగ్ స్పీకర్లయితే సంఖ్యను అందం కోసం తగ్గించకండి. 90 డిగ్రీల కోణంలో శబ్దం పంచే స్పీకరు 3 మీటర్ల ఎత్తులో ఉండి, కూర్చున్నవారి చెవి 1.2 మీటర్ల దగ్గర ఉందనుకుంటే, మధ్య దూరం 1.8 మీటర్లు. అంటే చెవుల ఎత్తులో అది కప్పే వలయం వ్యాసం 3.6 మీటర్లే. ఎక్కువ పౌనఃపున్యం గల సన్నని శబ్దాల్లో, అంటే మాట స్పష్టతకు ముఖ్యమైన చోట, ఆ వలయం ఇంకా ఇరుకవుతుంది. సీలింగులో నాలుగు రంధ్రాలు బాగుండవని రెండే పెడితే, మధ్యలో కూర్చున్నవారి కోసం శబ్దం పెంచుతారు, స్పీకరు కింద ఉన్నవారికి తలనొప్పి వస్తుంది. మందిరంలో వేదిక మీది మనిషి మాట నెత్తి మీద నుంచి వినిపించడం కూడా వింతగా ఉంటుంది. అక్కడ ముందు గోడలో గుడ్డ వెనక స్పీకర్లు పెట్టడం సరైన పని.

గాజు గోడకు ఎదురుగా నున్నటి వెనీరు గోడ వేస్తే మాట రెండింటి మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఎంత ఖరీదైన మైకు పెట్టినా అవతలి ఊరివారికి బావిలోంచి మాట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. ఎదురు గోడను రంధ్రాల చెక్కతో చేసి, వెనక శబ్దాన్ని పీల్చే రాక్‌ఊల్ (రాతి నార) నింపితే ప్రతిధ్వని తగ్గుతుంది, స్పీకర్లు దాచడానికి చోటూ దొరుకుతుంది. డిజైనరు గీసే ఒక్క గోడ రెండు పనులు చేయడం నాకు ఎప్పుడు చూసినా సంతోషంగా ఉంటుంది.

సమాధానం 3 (భవన నిర్వహణ విభాగం)

నేను ఇలాంటి భవనాలను అప్పగించిన తర్వాత చూసుకునేవాణ్ని. పైవారు చెప్పినవన్నీ అమర్చేటప్పటి విషయాలు, నావి ఆ తర్వాతివి. ఒక చోట సీలింగు పైన వీడియో రిసీవరు పెట్టి, తనిఖీ తలుపు వదలకుండా జిప్సం బోర్డు మూసేశారు. 8 నెలలకు అది పాడైంది. అది ఎక్కడ ఉందో తెలిసినవారు లేరు. చివరికి అంచనా మీద చిన్న రంపంతో సీలింగు కోస్తే రెండో ప్రయత్నంలో దొరికింది. అతుకు వేసి, పుట్టీ రుద్ది, రంగు వేశారు. మధ్యాహ్నం ఏమీ కనబడదు. సాయంత్రం అంచు దీపాలు వెలగగానే వాలుగా పడే ఆ కాంతిలో రెండు చతురస్రాలూ స్పష్టంగా తేలతాయి.

అందుకని సీలింగు పైన ఉన్న ప్రతి పరికరం కిందా ఫ్రేము కనబడని తనిఖీ తలుపు ఇవ్వండి, లేదా పరికరాన్ని నడవా సీలింగు పైకి జరపండి. వెనీరు ప్యానెళ్లకు నొక్కితే తెరుచుకునే క్యాచ్ పెడితే పిడి అవసరం ఉండదు. బోర్డు మూయకముందు ప్రతి గోడకూ, సీలింగుకూ కొలత టేపు ఆనించి ఫొటోలు తీయించండి. దూరాలు ఫొటోలోనే చదవగలిగేలా ఉండాలి. కేబులు రెండు కొసలకూ ఒకే నంబరు వేయించండి.

వైఫై యాక్సెస్ పాయింటును అద్దం వెనకో, లోహపు పలక వెనకో పెట్టకండి, సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. స్ప్రింక్లరు, పొగను పసిగట్టే డిటెక్టరు జోలికి మాత్రం వెళ్లవద్దు, వాటిని రంగుతో కప్పినా ప్రమాదమే. మంటను ఆపే గోడలోంచి కేబులు దాటితే ఆ రంధ్రాన్ని అగ్నినిరోధక పదార్థంతో మూసినట్టు మీ కళ్లతో చూడండి.

ప్రశ్న వేసినవారు

మీ ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న సీలింగ్ ప్లాన్ మళ్లీ పరిచి, దీపాలు, ఏసీ జాలీలు, స్ప్రింక్లర్లు, స్పీకర్లు అన్నీ ఒకే కాగితం మీదికి తెచ్చాను. బోర్డు రూమ్‌లో రెండు స్పీకర్లు సరిగ్గా ఏసీ గొట్టం కింద పడ్డాయని అప్పుడే తెలిసింది. గాజుకు ఎదురు గోడను రంధ్రాల చెక్కకు మార్చాను, ర్యాక్‌కు స్టోర్ పక్కన గది ఒప్పించాను. ఒక్క విషయం మిగిలింది. బోర్డు రూమ్ కెమెరాను రంగు గాజు వెనక, మైకులను సీలింగు లోపల ఎవరికీ తెలియకుండా పెట్టమంటున్నారు. ఇది సరైనదేనా?

సమాధానం 1 రాసినవారు

కాదు. సాంకేతికంగా చూసినా రంగు గాజు కాంతిని తగ్గిస్తుంది, చిత్రం మసకబారి గరుకుగా వస్తుంది, గాజులో దీపాల ప్రతిబింబం పడుతుంది. మైకు దూరం రెట్టింపైతే మాట బలం 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఏసీ శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల జిప్సం బోర్డు పైన దాచిన మైకు ఎందుకూ పనికిరాదు. సీలింగుతో సమంగా, తెల్లటి పలకలా ఉండే, అనేక చిన్న మైకులు కలిపిన ‘అరే’ (array) మైకులు దొరుకుతాయి. వాటిని దీపాల వరుసలోకి కలిపితే దృష్టి అటు పోదు. కెమెరాను తెర కింది అంచున, కూర్చున్నవారి కంటి ఎత్తుకు దగ్గరగా, ముదురు పట్టీలో అమర్చండి.

అంతకంటే ముఖ్యమైనది, గదిలోకి వచ్చిన మనిషికి తనను చూస్తున్నది, వింటున్నది ఎక్కడ ఉందో తెలియాలి. కెమెరా, మైకు పనిచేస్తున్నట్టు చూపే దీపాన్ని ఏ పలక వెనకా పెట్టకండి. మీ క్లయింటు ఒప్పుకోకపోతే కెమెరా కటకం మీద మూసుకునే చిన్న తలుపు చూపించండి. వాడనప్పుడు అది మూసుకుని పట్టీ రంగులో కలిసిపోతుంది, వాడేటప్పుడు అందరికీ కనబడుతుంది.