కండరాల నొప్పికి హెంప్ గింజల నూనె: పనిచేసేది నూనేనా, చేతులా?

దూరపరుగు (చర్చ ప్రారంభం):
వారానికొకసారి 20 కిలోమీటర్లు పరుగెత్తిన తరువాత నా తొడలు, పిక్కలు రెండు రోజులపాటు మెట్లు దిగనివ్వవు. రెండు నెలలుగా హెంప్ గింజల నూనెతో మర్దన చేసుకుంటున్నాను, నొప్పి మునుపటికంటే తక్కువగానే ఉంటోంది. అయితే సీసా మీద "కండరాల లోతుకు చేరి వాపును తగ్గిస్తుంది" అని రాసి ఉంది. ఈ మాట నిజమేనా, లేక ఏ నూనె రాసుకున్నా ఇంతేనా? కారణాలతో సహా చెప్పగలరని మనవి.

సందేహి:
సీసా మీది మాట నిలవదని నా వాదన. ముందుగా పేరు సంగతి: దీనిని కొందరు జనపనార గింజల నూనె అని అనువదిస్తున్నారు కానీ, అది పొరపాటు. జనపనార, జనుము వేరే మొక్కలు. హెంప్ గంజాయి జాతికి చెందినది. నొప్పి విషయంలో అందరూ మాట్లాడుకునే సీబీడీ (కన్నబిడియాల్) అనే రసాయనం ఆ మొక్క పూలలో, ఆకుల్లో ఉంటుందే తప్ప గింజలో ఉండదు. గింజ పైపొరకు అంటుకున్న జిగురు వల్ల నూనెలోకి వచ్చేది లేశమాత్రమే. ఆ నూనెలో ఉన్నది ప్రధానంగా కొవ్వు ఆమ్లాలు: సుమారు 55 శాతం లినోలియిక్ ఆమ్లం, 15 నుంచి 20 శాతం దాకా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. ఇవి నూనెలో ట్రైగ్లిజరైడ్ల (మూడేసి కొవ్వు ఆమ్లాలు కలిసిన పెద్ద అణువుల) రూపంలో ఉంటాయి, ఒక్కొక్క అణువు బరువు 880 డాల్టన్ల దరిదాపుల్లో ఉంటుంది. 500 డాల్టన్లు దాటినవి ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని దాటుకుని లోపలికి పోవడం కష్టమన్నది చర్మవైద్యంలో బాగా తెలిసిన సూత్రం. చర్మం పైపొరలోనే ఆగిపోయే నూనె, దాని కింద ఉన్న కొవ్వును కూడా దాటి కండరాన్ని ఎలా చేరుతుంది?

ఇంకొక సంగతి. అలవాటు లేని శ్రమ తరువాత వచ్చే ఈ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య తీవ్రమై, ఆపైన దానంతటదే తగ్గుతుంది. అదే శ్రమను మళ్లీ చేసినప్పుడు కండరం ముందే సర్దుకుని ఉండటం వల్ల నొప్పి తక్కువగా వస్తుంది. రెండు నెలలుగా మీరు చూస్తున్న మార్పులో నూనె వాటా ఎంతో, ఈ సర్దుబాటు వాటా ఎంతో విడదీయకుండా ఘనత నూనెకు ఇవ్వడం న్యాయం కాదు.

మృదుహస్తం:
సందేహి గారూ, నేను మర్దన వృత్తిలో ఉన్నాను. నూనె కండరంలోకి దిగదన్న మీ మాటను ఒప్పుకుంటాను. కానీ దానివల్ల నూనె ఎంపిక అప్రధానమని తేలదు. నూనె లేకుండా గట్టిగా రుద్దితే చర్మం లాగుకుపోయి మంట పుడుతుంది, అప్పుడు అవతలివారు కండరాన్ని వదులు చేయడానికి బదులు బిగపడతారు. హెంప్ నూనె పలుచగా ఉండి జిడ్డు మిగల్చదు, నువ్వుల నూనె చిక్కగా ఉండి ఎక్కువసేపు జారుడునిస్తుంది. కాబట్టి చేసే పనిని బట్టి నూనె మారుతుంది.

ఇక చేతుల సంగతికి వస్తే, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగంలో 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ల కండరాల నుంచీ నమూనాలు తీశారు. మర్దన చేసిన కాలిలో వాపును పెంచే సంకేతాలు తగ్గాయి. శ్రమ చేసినప్పుడు కండరంలో పుట్టే లాక్టిక్ ఆమ్లం మాత్రం ఏమీ మారలేదు. మర్దన ఆ ఆమ్లాన్ని "పిండి బయటకు తీస్తుంది" అని మా వృత్తిలోనే ఇప్పటికీ చెప్పేవారున్నారు, వినడానికి నాకే ఇబ్బందిగా ఉంటుంది.

మందులగది:
ఏ నూనె రాసుకున్నా ఇంతేనా అన్న ప్రశ్న ఉంది కనుక, ఫార్మసీ చదివినవాడిగా ఒక సవరణ. "మూలికా నూనె" అన్న ఒకే పేరు కింద హెంప్ గింజల నూనెను, వింటర్‌గ్రీన్ అనే పొద ఆకుల నుంచి తీసే నూనెను కలిపి మాట్లాడటం సరికాదు. నొప్పి నూనెల్లో కలిపే మెంథాల్ (పుదీనా జాతి మొక్కల్లోని చల్లని పదార్థం) చర్మంలోని చల్లదనాన్ని గుర్తించే నాడీ గ్రాహకాలను ప్రేరేపించి నొప్పి మీది ధ్యాసను మరలుస్తుంది. వింటర్‌గ్రీన్‌లోని మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్ కుటుంబానికి చెందినది, చిన్న అణువు కనుక చర్మం గుండా రక్తంలోకి నిజంగానే వెళ్తుంది. అందుకే వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారు దానిని ఒళ్లంతా పట్టించుకోకూడదు; ఒక చెంచాడు తాగినా పిల్లలకు ప్రాణాపాయమే. కర్పూరం కలిసిన నూనెలు పసిపిల్లలకు తగవు. శరీరం మీద ప్రభావం చూపగలిగినది హాని కూడా చేయగలదు, హెంప్ గింజల నూనె నిరపాయంగా ఉండటానికి ఒక కారణం అది పెద్దగా ఏమీ చేయకపోవడమే.

సందేహి:
మందులగది గారి సవరణను అంగీకరిస్తున్నాను. నా వాదన గింజల నూనె వరకే పరిమితం. మృదుహస్తం గారు చెప్పిన ప్రయోగం కూడా చేతుల పక్షానే ఉంది కదా.

దూరపరుగు:
అయితే వచ్చే పరుగు తరువాత ఒక కాలికి హెంప్ నూనె, మరొక కాలికి మామూలు నూనె రాసి చూస్తాను. ఏది ఏదో నాకు తెలియకుండా మా అన్నయ్య సీసాలు మార్చి ఇస్తాడు.

మృదుహస్తం:
శుద్ధి చేయని హెంప్ నూనె ఆకుపచ్చగా, పచ్చిగడ్డి వాసనతో ఉంటుంది, మూత తీయగానే తెలిసిపోతుంది. శుద్ధి చేసిన నూనెను తీసుకుని, రెండు సీసాల్లోనూ లావెండర్ తైలం చెరో రెండు చుక్కలు కలపమనండి. మర్దన కూడా మీరు చేసుకోకండి, రెండు కాళ్లకూ ఆయన చేతే గడియారం చూసి సమానంగా చేయించుకోండి. హెంప్ నూనె వెలుతురుకు, వేడికి త్వరగా చెడుతుంది, ఆ సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి.