పిల్లలు చాలనుకున్నాక ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డ) ఉంటే గర్భసంచి తీయించడమే మేలా?

పల్లె ఏఎన్ఎం:
నలభై దాటిన మనిషికి స్కానింగులో గడ్డ కనబడగానే మన వైపు మొదటి మాట "తీయించేసుకో, పీడా పోతుంది". 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతటా 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇంత తేడా జబ్బు వల్లే వచ్చిందంటే నమ్మలేను. ఒక ఉదాహరణ అనుకుందాం: 42 ఏళ్ళు, గర్భసంచి గోడలో 6 సెం.మీ. గడ్డ, ఎనిమిది రోజుల బ్లీడింగ్, హిమోగ్లోబిన్ 7.8. ఏం చేయమంటారు?

సర్జన్_గుంటూరు:
తీయించమనే చెబుతాను. గడ్డ మాత్రమే తీస్తే (మయోమెక్టమీ) కొన్నేళ్ళకు కొత్తవి పుట్టొచ్చు. లుప్రోలైడ్ అనే హార్మోన్ ఇంజెక్షన్‌తో గడ్డ తగ్గుతుంది, ఆపితే మళ్ళీ పెరుగుతుంది. గర్భసంచి తీస్తే ఆ బాధ మళ్ళీ రాదు. అయితే 7.8తో టేబుల్ ఎక్కించకూడదు. ముందు ఐరన్ ఎక్కించి, మూడు నాలుగు వారాలాగి హిమోగ్లోబిన్ మళ్ళీ చూడాలి. అండనాళాలు (ట్యూబులు) తీసినా అండాశయాలు ఉంచాలి.

గైనిక్_వరంగల్:
సైజు చూసి నిర్ణయించేశారు సర్. గడ్డ ఎక్కడుందన్నది అంతకంటే ముఖ్యం. లోపలి పొర కింద పెరిగి, కుహరంలోకి (గర్భసంచి లోపలి ఖాళీలోకి) పొడుచుకొచ్చినది 2 సెం.మీ. ఉన్నా రక్తం ధారలా పోతుంది. బయటి వైపున్నది 7 సెం.మీ. ఉన్నా నెలసరిలో తేడా తెలియకపోవచ్చు. కుహరంలోదైతే పొట్ట కోయకుండా హిస్టెరోస్కోపీతో (యోని దారిన కెమెరా గొట్టం పంపి) తీసి, చాలామందిని అదే రోజు ఇంటికి పంపొచ్చు. "బల్కీ యూటెరస్ విత్ ఫైబ్రాయిడ్" (గర్భసంచి పెద్దదైంది, గడ్డ ఉంది) అని ఒక్క ముక్క రాసిన రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆపరేషన్ తేదీ ఇవ్వడం తప్పు. ఎన్ని గడ్డలు, ఒక్కోదాని కొలతలు, ఏ పొరలో, కుహరాన్ని నొక్కుతోందా: ఇవన్నీ రాయించాలి. ఈ వయసులో ఇంత బ్లీడింగ్ అంటే లోపలి పొర బయాప్సీ కూడా ముందే చేయాలి.

కుహరం వంకర పోకపోతే 52 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ ఉన్న లూప్ గర్భసంచిలో పెట్టి చూస్తాను. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కచుక్కగా కనబడుతుంది. అది ముందే చెప్పకపోవడం వల్లే చాలామంది మధ్యలో తీయించేసుకుంటారు. ఈలోగా ట్రనెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్రలు రెండేసి చొప్పున రోజుకు మూడుసార్లు, ఎక్కువ పోయే నాలుగైదు రోజులే. రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వద్దు. దానివల్ల రక్తం తగ్గుతుందే గానీ ఫైబ్రాయిడ్ తగ్గదు.

రేడియాలజీ_హైదరాబాద్:
ఎంబోలైజేషన్ ఊసే ఎత్తలేదెవరూ. మణికట్టు లేదా గజ్జ నుంచి సన్న గొట్టం పంపి, గర్భాశయ ధమనులు రెండింటిలోకి చిన్న రేణువులు వదిలితే గడ్డకు రక్తం అందదు. ఆరు నెలల్లో ఘనపరిమాణం దాదాపు సగానికి తగ్గుతుంది. మొదటి 24 గంటలు నొప్పి గట్టిగానే ఉంటుంది, కొద్దిపాటి జ్వరమూ రావొచ్చు. కాడతో లోపలికి వేలాడే గడ్డ అయితే చచ్చిన ముక్క బయటికి రావడం, ఇన్‌ఫెక్షన్ ఉంటాయి కాబట్టి ముందు ఎంఆర్ఐ చూడాలి.

సర్జన్_గుంటూరు:
ఎంబోలైజేషన్ అయినవాళ్ళలో కొందరికి అయిదేళ్ళలోపే మళ్ళీ ఏదో ఒక చికిత్స కావాల్సి వస్తుంది కదండీ. ఆ ఖర్చు రెండోసారి ఎవరు పెట్టాలి? రిపోర్టు విషయంలో వరంగల్ మేడంతో ఏకీభవిస్తాను. మళ్ళీ చూపించుకోవడానికి రాలేని మనిషికి లూప్ పెట్టడం మాత్రం నాకు నచ్చదు. మూత్రనాళం నొక్కుకుపోయి కిడ్నీ వాచినా, మెనోపాజ్ తర్వాత గడ్డ పెరుగుతున్నా వాయిదా అసలే కుదరదు.

గైనిక్_వరంగల్:
ఆ రెండింటిలో నేనూ ఆగను. కానీ "ఉంచితే క్యాన్సరవుతుంది" అని భయపెట్టి సంతకం చేయించడం ఆగాలి. ఫైబ్రాయిడ్‌లా కనిపించి సార్కోమా (ఒక రకం క్యాన్సర్) అయ్యేది చాలా అరుదు. అనవసర హిస్టెరెక్టమీల (గర్భసంచి తీసే ఆపరేషన్ల) మీద కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. 45 లోపు అండాశయాలు కూడా తీసేసి, ఈస్ట్రోజెన్ ఇవ్వకుండా పంపేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

పల్లె ఏఎన్ఎం:
సర్జన్ గారూ, రాలేని మనిషి దగ్గరికి మేమే వెళ్తాం. నెలనెలా ప్యాడ్ల లెక్క రాసుకోవడం, మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్, లూప్ దారం ఉందో లేదో సొంతంగా చూసుకోవడం నేర్పించడం: ఇవన్నీ ఉపకేంద్రంలోనే అవుతాయి. దారం అందకపోతే, లేదా హిమోగ్లోబిన్ పెరగకపోతే మీ దగ్గరికే పంపుతాం, రిపోర్టులో గడ్డల గురించి మేడం చెప్పిన ఆ నాలుగు వివరాలూ రాయించి మరీ.