బ్రెయిన్ డెడ్ అన్నాక వెంటిలేటర్ తియ్యొద్దనే హక్కు ఫ్యామిలీకి ఉందా లేదా?

సత్యనారాయణపురం_శీను
మా వీధిలో ఒక అంకుల్, అరవై దాటినాయన, పొద్దున వాకింగ్‌కెళ్లి పడిపోయారు. మెదడులో బ్లీడింగ్. విజయవాడలోనే ఒక ప్రైవేట్ హాస్పిటల్లో వెంటిలేటర్ మీద పెట్టారు. నిన్న సాయంత్రం బ్రెయిన్ డెడ్ అన్నారు. కొడుకు డల్లాస్‌లో ఫ్లైటెక్కాడు, వాడొచ్చేదాకా ఉంచండి బాబూ అని ఆంటీ బతిమాలుతున్నారు. ఉంచుతాం కానీ బిల్లు నడుస్తుంది అంటున్నారు వాళ్లు. అల్లుడేమో చనిపోయిన మనిషికి బిల్లేంటి, చనిపోతే సర్టిఫికెట్ ఇవ్వండి అని కౌంటర్ దగ్గర గొడవేసుకున్నాడు. అదీ ఇవ్వట్లేదు. మధ్యలో కోఆర్డినేటర్ అని ఒకమ్మాయి వచ్చి అవయవదానం గురించి రెండుసార్లు అడిగిపోయింది. ఎవరిది కరెక్టు? తెలిసినవాళ్లు చెప్పండి, రాజకీయాలొద్దు ప్లీజ్.

మిర్చియార్డ్_రావు
ఇందులో తెలుసుకునేదేముంది శీనూ, గుండె కొట్టుకుంటా ఉంటే మనిషి పోయాడని ఎట్టా అంటారు? ఒళ్లు వెచ్చగా ఉంటది, యూరిన్ బ్యాగ్ నిండతా ఉంటది, బీపీ మిషన్ మీద అంకెలు కనపడతా ఉంటాయి, అయినా పోయాడంట. సరే పోయాడు, కాగితం ఇవ్వమంటే ఇవ్వరు. అంటే అవయవాలకి పోయినట్టు, బిల్లుకి బతికున్నట్టు. ఇది మా ఇంట్లో కళ్లారా చూశా, ఎవరో చెప్పింది కాదు. ఆంటీ గారిని అస్సలు దేనిమీదా సంతకం పెట్టొద్దని చెప్పు.

బందర్‌రోడ్_బాలు
బావిలో నీళ్లు అయిపోయినా కరెంటున్నంతసేపు మోటర్ తిరుగుద్ది బాబాయ్.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను గుంటూరులో ఐసీయూలో చేస్తున్నాను, ఏ హాస్పిటల్ అనేది అడక్కండి. రావుగారూ, గుండెకి కొట్టుకోమని మెదడు చెప్పక్కర్లేదండీ, దాని కరెంటు దానిలోనే పుడుతుంది, ఆక్సిజన్ అందినంతసేపు కొట్టుకుంటుంది. ఊపిరి అట్లా కాదు, మెదడు అడుగున బ్రెయిన్ స్టెమ్ చెప్తేనే ఛాతీ లేస్తుంది. అది పోయాక లేచేది మిషన్ వల్లే.

ఊరికే చూసి చెప్పేది కూడా కాదు. ముందు మత్తుమందులేమైనా ఒంట్లో ఉన్నాయా, ఒళ్లు చల్లబడిందా, సోడియం షుగర్ లాంటివి తేడాగా ఉన్నాయా అని చూస్తారు. కంట్లో లైటేసి చూస్తారు, కనుగుడ్డు మీద దూది తాకిస్తారు, చెవుల్లో ఐస్ నీళ్లు పోస్తారు, గొంతులో సక్షన్ ట్యూబ్ పెట్టి దగ్గు వస్తుందేమో చూస్తారు. చివర్లో ఆప్నియా టెస్ట్. వెంటిలేటర్ విప్పేసి, ట్యూబ్‌లోంచి ఆక్సిజన్ మాత్రం సన్నగా వదిలి, ఎనిమిది పది నిమిషాలు అందరం ఛాతీ వంకే చూస్తూ నిలబడతాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 దాటినా ఒక్క శ్వాస కూడా రాకపోతే అప్పుడు. ఇదంతా ఆరు గంటలు ఆగి మళ్లీ చేస్తారు. నలుగురు డాక్టర్ల బోర్డు సంతకం పెట్టాలి, అందులో అవయవాలు మార్చే టీం వాళ్లు ఉండకూడదు.

పటమట_లక్ష్మి
సిస్టర్ గారూ ఇవన్నీ చదవడానికి బావుంటాయండీ. మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చినప్పుడు సరిగ్గా ఇట్లాగే చెప్పారు, ఛాన్స్ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్లిపోండి, దగ్గరవాళ్లకి కబురు చేసుకోండి అని. మా అత్తయ్యలైతే చీరలు కూడా సర్దుకుని వచ్చేశారు. నేను ఒప్పుకోలా. ఇవాళ ఆయన పొద్దున రెండిడ్లీ తిని పేపర్ చదువుకుంటున్నారు, ఎడమచెయ్యి ఒక్కటే రాదు. ఆ రోజు డాక్టర్ మాట విని ఉంటే?

నైట్‌డ్యూటీ_సిస్టర్
నాన్నగారు లేచారు, సంతోషం లక్ష్మిగారూ. కానీ అది కోమా అండీ, బ్రెయిన్ డెత్ కాదు. కోమాలో ఊపిరి ప్రయత్నం ఉంటుంది, దగ్గు ఉంటుంది, లేచేవాళ్లు లేస్తారు. ముంబైలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 42 ఏళ్లు మంచంలో ఉంది, ఆమెది కూడా బ్రెయిన్ డెత్ కాదని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది. పద్ధతిగా పరీక్షలన్నీ చేసి తేల్చిన కేసు వెనక్కి రావడం నేనెప్పుడూ చూడలా.

పటమట_లక్ష్మి
మీరు చూడలా అంటే లేదని కాదు కదా.

ఎడిసన్_గుంటూరోడు
ఇక్కడ న్యూజెర్సీలో చట్టమే వేరు. మా మతం ఒప్పుకోదు అంటే బ్రెయిన్ డెత్ మీద చనిపోయినట్టు డిక్లేర్ చెయ్యకూడదు, గుండె ఆగేదాకా ఆగాల్సిందే. 2013 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలో 13 ఏళ్ల పాపకి టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత బ్లీడింగ్ అయ్యి బ్రెయిన్ డెడ్ అన్నారు, తల్లి కోర్టుకెళ్లి, కొట్లాడి, పాపని ఇక్కడికి తెచ్చుకుంది. 2018 జూన్ దాకా ఉంది. మొత్తానికి ఒకే మనిషికి రెండు డెత్ సర్టిఫికెట్లు, కాలిఫోర్నియాది 2013, న్యూజెర్సీది 2018.

పటమట_లక్ష్మి
చూశారా!! నాలుగున్నరేళ్లు. చనిపోయిన పిల్ల నాలుగున్నరేళ్లు ఉంటుందా సిస్టర్?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ పాప విషయంలో డాక్టర్లలోనే వాదనలున్నాయి, కాదనను. కానీ అన్నేళ్లూ వెంటిలేటర్ మీదే ఉంది, లేచి తిరగలా. మన దగ్గర ఎక్కువమందికి కొన్ని రోజుల్లోనే బీపీ నిలబడక గుండె ఆగిపోతుంది. ఆ ఒక్క కేసు చూపించి ఇక్కడి తల్లులకి ఆశ పెట్టకండి, ఆ ఆశతో పొలాలమ్ముకున్నవాళ్లని చూశాను.

బ్రాడీపేట_శర్మ
రెండు సర్టిఫికెట్లు అన్నారు, మరి తిథి ఏది పెట్టుకోవాలండీ? మా బాబాయిగారి విషయంలో ఇదే తేలలేదు. డాక్టర్లు చెప్పింది దశమి, గుండె ఆగింది ద్వాదశి. ఏటా తద్దినం దగ్గర మా పెద్దన్నయ్యకీ చిన్నన్నయ్యకీ మాటల్లేవు.

బందర్‌రోడ్_బాలు
మధ్యలో ఏకాదశి పెట్టుకోండి శర్మగారూ, ఇద్దరికీ సమానం.

బ్రాడీపేట_శర్మ
వెటకారం వద్దు. సీరియస్‌గానే అడుగుతున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
శర్మగారూ, మా దగ్గర అయితే రెండోసారి ఆప్నియా టెస్ట్ పూర్తయిన టైమే చనిపోయిన టైంగా రాస్తాం, బోర్డు సంతకాలున్న కేసుల్లో. పంచాంగం సంగతి నాకు తెలీదు.

బ్రాడీపేట_శర్మ
ప్రాణం పోవడం అంటే శ్వాస పోవడమే కదా మనకి. ఆ లెక్కన దశమే. కానీ ఒళ్లు వెచ్చగా ఉండగా తిథి పెట్టడం ఎక్కడా వినలేదు.

మిర్చియార్డ్_రావు
తిథులు తర్వాత చూసుకుందాం పంతులుగారూ. సిస్టర్‌ని ఒకటి అడుగుతా, సూటిగా చెప్పాల. అవయవదానానికి ఒప్పుకుంటే అప్పట్నుంచి బిల్లు ఫ్యామిలీ మీద వెయ్యరు, అవునా కాదా? ఒప్పుకోకపోతే వేస్తారు, అవునా కాదా? దీన్ని బేరం అనరా? నలభై ఏళ్ల నుంచి యార్డులో ఉన్నా, బేరం ఎట్టుంటదో నాకొకరు చెప్పక్కర్లా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఒప్పుకున్నాక డోనర్‌ని మెయింటైన్ చేసే ఖర్చు కుటుంబం మీద వెయ్యకూడదని రూల్. అంతకుముందు బిల్లు ఎటూ కట్టాల్సిందే. బేరమేముంది ఇందులో? అడగడం కూడా మా ఇష్టం కాదు, ఇలాంటి కేసుల్లో కుటుంబానికి దానం సంగతి చెప్పి తీరాలని కేంద్ర చట్టానికి 2011లో సవరణ చేశారు. 2016లో మన గుంటూరు జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, డాక్టర్ గోఖలే గారి టీం గుండె మార్చింది, ఆ గుండె ఎక్కడ్నుంచి వస్తుందండీ? ఎవరో ఒక తల్లి సరే అంటేనే. వాళ్లందర్నీ మీరు బేరమాడినవాళ్లు అంటున్నారు.

మిర్చియార్డ్_రావు
నేను తల్లుల్ని అన్నానా? మాట మార్చమాకండి. మీకు నెల తిరిగేసరికి జీతం పడుద్ది, బయట బెంచీ మీద కూర్చున్నోడికి తెలుస్తది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మా జీతమెంతో తెలిస్తే మీరీ మాట అనరు. పోయిన సంవత్సరం ఇలాంటి కేసులోనే పేషెంట్ బంధువులు అద్దం పగలగొడితే ఆ ముక్క మా అటెండర్ చేతికి దిగింది, ఆరు కుట్లు. డాక్టర్ అప్పటికే పైకెళ్లిపోయాడు. తిట్లు తినేది, తన్నులు తినేది మేము.

బందర్‌రోడ్_బాలు
సినిమాల్లో శవానికి వైద్యం చూపించినప్పట్నుంచి మనోళ్లకి ప్రతి ఐసీయూ అదే.

మిర్చియార్డ్_రావు
సినిమా కాదురా బాలూ. మా తమ్ముడు. తలలో నరం చిట్లింది, కుర్రోడే. రెండో రోజు బ్రెయిన్ డెడ్ అన్నారు. నాకు అర్థమైంది, వాడు లేడని ఆ రోజే అర్థమైంది, నేనేం చదువురానోణ్ని కాదు. దానం మా అమ్మ వద్దంది, వద్దన్నాం. అక్కడ్నుంచి మొదలైంది. మరి తీసెయ్యండి అంటే మేం తియ్యం అంటారు. సర్టిఫికెట్ ఇవ్వండి అంటే గుండె ఆగలేదు అంటారు. ఏం చెయ్యమంటారు సార్ అంటే లామా మీద తీసుకెళ్లండి, డాక్టర్ల సలహా కాదని మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం అని రాసి సంతకం పెట్టండి అన్నారు. నేనే పెట్టా. అంబులెన్సులో ఒక కుర్రాడు, చేత్తో ఊపిరి కొట్టే అంబు బ్యాగ్ నొక్కుకుంటా తాడికొండ దాకా వచ్చాడు. అరుగు మీద పడుకోబెట్టాం. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. ఆ కుర్రాడు తలెత్తి నన్ను అడిగాడు, ఆపెయ్యమంటారా అన్నా అని.

నన్ను అడిగాడు. మా మరదలు అక్కడే ఉంది. ఈ రోజుకీ ఆ పిల్ల నాతో మాట్లాడదు, నా మొగుణ్ని బావే ఆపించాడు అంటది. వాడు పోయాడని చెప్పాల్సింది ఎవరు? నేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఆ కుర్రాణ్ని అనకండి రావుగారూ, వాడికి ఎవరూ ఏమీ చెప్పి పంపరు, బ్యాగ్ చేతికిస్తారంతే. మీరు ముందే ఇది చెప్పుంటే ఇంతసేపు గుండె గురించి కొట్లాడేదాన్ని కాదు.

మంగళగిరి_ప్లీడరు
పైనుంచి మొత్తం చదివాను. రావుగారికి జరిగింది ఒక్క హాస్పిటల్ తప్పు కాదు, చట్టంలోనే సందుంది. బ్రెయిన్ డెత్ అనే మాట ఉన్నది అవయవ మార్పిడి చట్టంలో, 1994 కేంద్ర చట్టం, మన రాష్ట్రం 1995లో విడిగా చేసుకున్న చట్టం. మరణాలు రిజిస్టర్ చేసే 1969 చట్టంలో మరణం అంటే జీవ లక్షణాలన్నీ శాశ్వతంగా పోవడం అని ఉంటుంది, మెదడు ఊసే లేదు. అందుకే దానం ఇస్తే పోయినట్టు రాయడానికి డాక్టర్ చెయ్యి ఆడుతుంది, ఇవ్వకపోతే కేసు భయంతో ఆగిపోతుంది. కేరళ 2020లో దానంతో సంబంధం లేకుండా బ్రెయిన్ డెత్ ఎలా తేల్చాలో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి 2023లో సులువు చేసిన తీర్పు వైద్యం ఆపడం గురించి, దానికి రెండు మెడికల్ బోర్డులు కావాలి. వైద్యం ఆపడం మీదే 2024లో కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన డ్రాఫ్టు మార్గదర్శకాల్లో బ్రెయిన్ డెత్ కూడా ఉంది కానీ డ్రాఫ్టు డ్రాఫ్టే. శీను గారూ, మీ అంకుల్ వాళ్ల అల్లుణ్ని ఒకటే అడగమనండి, బోర్డు రెండుసార్లూ టెస్టులు చేసిందా, రాతపూర్వకంగా ఉందా అని.

సత్యనారాయణపురం_శీను
అడిగాం సార్. ఒకసారి చేశారట, దానం వద్దన్నారు కాబట్టి రెండోసారి అవసరం లేదన్నారట. ఇందాకే గుండె కూడా ఆగిపోయింది. కొడుకు ఇంకా దోహాలోనే ఉన్నాడు. సర్టిఫికెట్‌లో ఇవాళ టైం వేశారు, అల్లుడు నిన్నటిది వెయ్యమని మళ్లీ గొడవ, ఒక రోజు బిల్లు తగ్గుతుందని.

బ్రాడీపేట_శర్మ
అయ్యో. ఇవాళ్టి తిథే పెట్టుకోమనండి, తర్వాత అన్నదమ్ముల మధ్య పేచీ రాకుండా ఉంటుంది.

మిర్చియార్డ్_రావు
ఆంటీ గారికి ధైర్యం చెప్పు శీనూ. నేననేది ప్లీడరు గారు చెప్పిందే. నలుగురు డాక్టర్లు చూసి, పోయాడు అని రాసి, వాళ్లే తియ్యాలి. తియ్యమంటారా అని ఇంట్లోవాళ్లని అడగడమే ఉండకూడదు. ఫ్యామిలీకి హక్కు హక్కు అంటన్నారు, ఆ హక్కు నాకొద్దు.

పటమట_లక్ష్మి
మీకొద్దు, నాకు కావాలండీ. ఇప్పుడు సిస్టరూ మీరూ ఒకటైపోయి డాక్టర్లే తియ్యాలంటున్నారు. అడగకుండా తీసే రూలే ఉంటే మా నాన్న ఇవాళ ఉండేవారు కాదు. మీకు సంతకం పెట్టిన బాధ, నాకు పెట్టకపోబట్టి మనిషి దక్కాడు. ఇద్దరికీ ఒకే చట్టమంటే ఎట్లా కుదురుతుంది?

నైట్‌డ్యూటీ_సిస్టర్
మళ్లీ అదే. ఆయనది బ్రెయిన్ డెత్ కాదని పొద్దుట్నుంచి చెప్తున్నా.

మిర్చియార్డ్_రావు
లక్ష్మమ్మా, మీ నాన్నగారికి ఆ నలుగురి బోర్డు కూర్చుందా? ఆ ఊపిరి టెస్టు చేశారా? చేసి చెప్పారా, చెయ్యకుండా నోటిమాటగా ఇంటికి తీసుకెళ్లమన్నారా? ముందు అది చెప్పు తల్లీ.

పటమట_లక్ష్మి
చేశారో లేదో మాకెవరు చెప్పారండీ? లోపలికి రానిస్తే కదా.