సమస్యాపూరణం: దైవనామ మనిన దండుగయ్యె

పృచ్ఛకులు: ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, యతి దై–దం. దండుగ అంటే జరిమానా, వృథా కూడా. ఒట్టుకూ తిట్టుకూ ఇంగ్లీషులో ‘స్వేర్’ ఒక్కటే మాట. ఆ చరిత్రతో పూరించండి.

అరసున్న:
నాటకమున నటుఁడు నవ్వుకై యొట్టిడె
పదియు పౌండ్లు కట్టవలసె నాడు
సగము రాజు గొనఁగ సగము వాదికిఁ బోవ
దైవనామ మనిన దండుగయ్యె

వడి: అరసున్న గారూ, మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. నాటకంలో దైవనామాన్ని తేలిగ్గా వాడకూడదన్న 1606 ఇంగ్లండు చట్టంలో పది పౌండ్ల జరిమానా సగం రాజుకు, సగం దావా వేసినవాడికి. అందుకే నాటకశాలలో చెవులు రిక్కించి కూర్చునే అవకాశం ఉండేది. ‘పదియు’లో ‘యు’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది. ‘పౌండ్లు పదియుఁ గట్టవలసె’ అంటే పదికి పదీ అన్న అర్థం వస్తుంది, యతి పౌ–వ నిలుస్తుంది.

గసడదవ:
తలను గోసి యొట్టు తప్పించుకొని వచ్చె
గాడ్సు వూండ్సు జౌండ్సు గాఁగ మిగిలె
నిండు మాట నటుని నెత్తికిఁ జుట్టఁగ
దైవనామ మనిన దండుగయ్యె

వడి: ‘దేవుడి గాయాల మీద ఒట్టు’లో దేవుణ్ణి కొట్టేస్తే మిగిలిన తోక జౌండ్స్. ‘తలను గోసి’ అన్న మాట ఎంత బాగా కుదిరిందో! కానీ తప్పించుకొని రాలేదండీ. షేక్స్‌పియర్ నాటకం ఒథెల్లో 1622 ప్రతిలో ఇయాగో పాత్ర నోట జౌండ్స్ ఉంది, 1623లో ఆయన నాటకాలన్నీ కలిపి వేసిన ఫోలియో సంపుటిలో ఎత్తేశారు. చట్టం రంగస్థలానికే, అచ్చుకు కాదు. అయినా ప్రదర్శన కోసం దిద్దిన ప్రతుల నుంచి ఆ కోత అచ్చులోకీ వచ్చిందని పండితుల ఊహ. ‘తప్పించుకొనఁ జూచె’ అనండి, గణాలు చెడవు.

ద్రుతం:
మంచునీటఁ జేయి ముంచినవానికిఁ
దిట్టు మందు వోలెఁ దెచ్చె నోర్పు
మేలుమాటవలన మేలు కలుగలేదు
దైవనామ మనిన దండుగయ్యె

వడి: మం–ముం యతి చెల్లదు, అకారానికి ఉకారంతో స్వరమైత్రి లేదు. రెండో పాదం నిజం. 2009లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్టీఫెన్స్ బృందం చేసిన ప్రయోగంలో, సుత్తి బొటనవేలిమీద పడితే నోట వచ్చే తిట్టు అంటూ ఉన్నవారు మంచునీటిలో చేయి ఎక్కువసేపు ఉంచగలిగారు. పోలికకు పెట్టింది దైవనామం కాదు, బల్లను వర్ణించే మాట. కాబట్టి మూడో పాదం ప్రయోగాన్ని తప్పుగా చెబుతోంది. 2011లో రోజూ తిట్టేవారికి ఫలితం తక్కువని తేలింది. 2020లో ఫౌచ్, ట్విజ్‌పైప్ అని కొత్త తిట్లు పుట్టించి చూస్తే నొప్పికి ఓర్పు పెరగలేదు. నిషేధపు వేడి తగలని మాటకు పదును లేదు. వాడివాడి ఆ వేడి చల్లారినా అంతే. ఇంగ్లీషులో దేవుడి ఒట్లకు పట్టిన గతి అదే. మీ పద్యంలోకి దాన్నే తెచ్చుకోండి:

మంచునీట నుంచ మండిన చేతికిఁ
దిట్టు మందు వోలెఁ దెచ్చె నోర్పు
పాతబడిన యొట్టు పస లేక పోవఁగ
దైవనామ మనిన దండుగయ్యె

ద్రుతం: సవరణ స్వీకరించాను. ‘పస లేక’తో దండుగకు రెండో అర్థం దక్కింది.