రిజైన్ లెటర్ మర్యాదగా ఎలా రాయాలి? నోటీసు 60 రోజులు, ముందే రిలీవ్ కావాలి

క్యూసీ_పరవాడ
పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో అనలిస్టుని. 2021 ఆగస్టు 17న చేరాను. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు 60 రోజులని ఉంది. కొత్త కంపెనీ వాళ్లు జులై 20కి చేరమంటున్నారు. జూన్ 15, సోమవారం లెటర్ ఇద్దామనుకుంటున్నాను. కారణం రాయాలా? మేనేజర్ గారేమో ముందు నోటితో చెప్పు, లెటర్ తర్వాత చూద్దాం అంటున్నారు.

హెచ్‌ఆర్_గాజువాక
నోటితో చెప్పిన రోజు నోటీసు లెక్కలోకి రాదు. లెటర్ అందిన రోజే లెక్క. మేనేజర్‌తో మాట్లాడండి, కానీ అదే రోజు సాయంత్రంలోపు ఆఫీసు మెయిల్ నుంచి ఆయనకూ హెచ్‌ఆర్‌కూ పంపండి, కాపీ మీ సొంత మెయిల్‌కి పెట్టుకోండి. చివరి రోజు ఆఫీసు మెయిల్ ఆగిపోతే మీ చేతిలో ఆధారం ఉండదు.

లెటర్ అర పేజీ దాటకూడదు. ఇంగ్లీషులో రాసినా విషయం ఇంతే:

"విషయం: రాజీనామా – ఎంప్లాయీ నంబరు...
అయ్యా, క్వాలిటీ కంట్రోల్ అనలిస్టు ఉద్యోగానికి ఈ లేఖ ద్వారా రాజీనామా చేస్తున్నాను. 60 రోజుల నోటీసు ఈ రోజు మొదలై ఆగస్టు 13తో ముగుస్తుంది. వీలైతే జులై 17న రిలీవ్ చేయవలసిందిగా మనవి. మిగిలిన రోజులకు నోటీసు జీతం చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. ఈలోగా నా పనులన్నీ అప్పగిస్తాను. ఇక్కడ పని నేర్చుకునే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. లేఖ అందినట్టు, నా చివరి పనిదినం ఏదో తెలియజేయగలరు."

కారణం అక్కర్లేదు. తప్పదంటే 'వ్యక్తిగత కారణాలు' చాలు. ఆరోగ్యం బాగోలేదని అబద్ధం రాస్తే, వారానికే ఇంకో కంపెనీలో చేరినట్టు బయటపడుతుంది. కొత్త కంపెనీ పేరు, జీతం గొడవ, మేనేజర్ మీద ఫిర్యాదు వద్దు. ఆ కాగితం మీ ఫైల్‌లో ఉండిపోతుంది. 'తక్షణమే మానేస్తున్నాను' అని మాత్రం అస్సలు రాయకండి, అబ్‌స్కాండింగ్ (చెప్పకుండా ఉద్యోగం వదిలేసినట్టు) కింద పెట్టేస్తారు. నోటీసు జీతం కట్టి వెళ్లే వీలు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. కొన్నిచోట్ల అది కంపెనీ ఇష్టం.

లెక్కల_మాస్టారు
ఒక్క నిమిషం ఆగండి. ఆగస్టు 17న చేరారంటే ఐదేళ్లు నిండేది ఈ ఆగస్టు 16న. జులై 17న వెళ్తే గ్రాట్యుటీకి (ఐదేళ్ల సర్వీసు నిండితే వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి) నెల తక్కువ. నోటీసు మొత్తం చేసినా ఆగస్టు 13తోనే ఆగుతుంది, మూడు రోజులు తక్కువ! చూసేది లెటర్ తేదీ కాదు, చివరి పనిదినం.

లెక్కకు వచ్చే జీతం 26,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో, మళ్లీ 5తో గుణించండి: 75,000. నాలుగేళ్ల 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది నిజమే, కానీ కంపెనీ కాదంటే లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే.

క్యూసీ_పరవాడ
ఇది అసలు చూసుకోలేదండీ. కొత్త కంపెనీని ఆగస్టు 24 అడుగుతాను. మరి లెటర్?

హెచ్‌ఆర్_గాజువాక
మాస్టారు చెప్పింది కరెక్టు. వాళ్లు ఒప్పుకుంటే జూన్ 22న ఇవ్వండి, నోటీసు ఆగస్టు 20న ముగుస్తుంది. 'వీలైతే ముందే రిలీవ్ చేయండి' అనే వాక్యం, నోటీసు జీతం వాక్యం రెండూ తీసేయండి. ముందుగా పంపమని మీరే రాసిచ్చాక ఆగస్టు 10కే పంపేస్తే అడగడానికి ఏమీ ఉండదు. నోటీసులో సెలవులు పెడితే అన్ని రోజులూ చివరి తేదీ జరిపే కంపెనీలున్నాయి, పాలసీ చూడండి. కొత్త వాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం ఆ 75,000 ఒకవైపు, కొత్త జీతం ఒకవైపు పెట్టుకుని మీరే తేల్చుకోవాలి.

ల్యాబ్‌కోటు
క్యూసీలో నో డ్యూస్ (బాకీలేమీ లేవనే క్లియరెన్స్) ఆగేది ఎక్కువగా సంతకాల దగ్గరే. మీరు చేసిన టెస్టుల వర్క్‌షీట్లు, కాలమ్ లాగ్‌బుక్, బ్యాలెన్స్ రోజువారీ చెక్ – ఖాళీలు ఏమైనా ఉంటే మొదటి వారంలోనే క్యూఏకి (క్వాలిటీ అష్యూరెన్స్ విభాగానికి) చెప్పి, ఎస్‌ఓపీ (కంపెనీ రాసిపెట్టిన పని పద్ధతి) ప్రకారం సరిచేయించండి. పాత తేదీ వేసి సంతకం పెట్టమని ఎవరైనా అంటే పెట్టొద్దు, అది డేటా ఇంటెగ్రిటీ కేసు, అంటే రికార్డులు తారుమారు చేసినట్టు. మీ పేరు మీద ఓఓఎస్ (టెస్టు ఫలితం పరిమితి దాటినప్పుడు జరిపే విచారణ) తెరిచి ఉంటే ఎవరికి అప్పగించారో కాగితం మీద ఉండాలి. చివరి రోజు హెచ్‌పీఎల్‌సీ (మందు నమూనాలు పరీక్షించే యంత్రం) సాఫ్ట్‌వేర్‌లో మీ యూజర్ ఐడీ డిసేబుల్ చేయమని అడిగి, చేశాక నో డ్యూస్ ఫారం మీద రాయించుకోండి. మీరు వెళ్లాక ఆ లాగిన్‌తో ఎవరైనా రన్ పెడితే పేరు మీదే వస్తుంది.

లెక్కల_మాస్టారు
ఇంకొకటి. పీఎఫ్ పోర్టల్‌లో మీ ఎగ్జిట్ తేదీ పడిందో లేదో చూసుకోండి. కంపెనీ వేయకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీయే వేయండి.